ట్యూబ్ యాంపా, మోడలింగ్ యాంపా? గిటార్ వాయించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్లుగా ట్యూబ్, మోడలింగ్ అనే రెండు రకాల గిటార్ యాంప్‌లనూ (గిటార్ శబ్దాన్ని పెద్దది చేసే పెట్టెలు) వాయిస్తున్నాను, అవసరమైనప్పుడు మూత విప్పి లోపల చూస్తున్నాను. కొత్తగా యాంప్ కొనబోయేవారు నన్ను అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. చాలామంది ‘ఏది గొప్ప?’ అని మొదలుపెడతారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: వారంలో ఎక్కువ గంటలు ఏ గదిలో, ఎంత మోతతో వాయిస్తారు? దానికి నిజాయతీగా జవాబు చెప్పుకుంటే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

అసలు ఈ రెండింటికీ తేడా ఏమిటి?

ట్యూబ్ యాంప్‌లో గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతం గాజు బుడ్ల లోపల పెద్దదవుతుంది. బుడ్డిలోని ఫిలమెంటు వేడెక్కితే కేథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. వందల వోల్టుల మీద ఉన్న ప్లేటు వాటిని తనవైపు లాక్కుంటుంది. మధ్యలో సన్నని తీగ చుట్టలాంటి గ్రిడ్ ఉంటుంది. గిటార్ సంకేతం వెళ్లేది ఈ గ్రిడ్ మీదికే. కాలువకు తూము తలుపు ఎలాగో ఎలక్ట్రాన్ల ప్రవాహానికి గ్రిడ్ అలాగ: తలుపు కాస్త కదిలితే చాలు, నీటి పోటు మారిపోతుంది. లీ డి ఫారెస్ట్ 1906లో రూపొందించిన మూడు ఎలక్ట్రోడ్ల ట్యూబే ఈ కుటుంబానికి మూలం.

మోడలింగ్ యాంప్‌లో గిటార్ సంకేతాన్ని సెకనుకు 48,000 సార్లు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువసార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. ఫలానా ట్యూబ్ యాంప్ అయితే ఈ సంకేతాన్ని ఏం చేసి ఉండేది అన్న లెక్కను లోపలి ప్రాసెసర్ అప్పటికప్పుడు వేస్తుంది. ఆ అంకెలు మళ్లీ విద్యుత్ సంకేతంగా మారి, మామూలు పవర్ యాంప్ గుండా స్పీకరుకు చేరతాయి. ఒకే పెట్టె పది ఇరవై యాంప్‌లలా మోగగలగడానికి కారణం ఇదే.

ట్యూబ్ శబ్దం ‘వెచ్చగా’ ఉంటుందంటారు. అది నిజమా, నమ్మకమా?

నిజమే, కానీ దానికి సాధారణంగా చెప్పే కారణం సగమే సరైనది. ట్యూబులు సరిసంఖ్య హార్మోనిక్‌లను (అసలు స్వరానికి రెండు, నాలుగు రెట్ల పౌనఃపున్యంలో దానితోపాటు పలికే స్వరాలు) మాత్రమే ఇస్తాయని, అందుకే చెవికి ఇంపుగా ఉంటాయని ఒక మాట ప్రచారంలో ఉంది. ప్రీయాంప్‌లో, అంటే సంకేతాన్ని మొదట పెంచే భాగంలో, ఒక్కో ట్రయోడ్ (మూడు ఎలక్ట్రోడ్ల ట్యూబ్) దశ సరిసంఖ్య హార్మోనిక్‌లను బాగానే పుట్టిస్తుంది. అయితే పెద్ద యాంప్‌లలో స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబులు జంటలుగా, ఒకటి నెడితే ఇంకొకటి లాగే పద్ధతిలో పనిచేస్తాయి. ఆ అమరికలో పవర్ దశ పుట్టించే సరిసంఖ్య హార్మోనిక్‌లు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పేరుమోసిన రాక్ యాంప్‌లు ఎక్కువగా ఈ రకానివే.

అసలు సంగతి ట్యూబ్ తన హద్దును చేరుకునే తీరులో ఉంది. సంకేతం పెరిగేకొద్దీ తరంగం శిఖరం మెల్లగా ఒంగుతుంది, తర్వాత చదునవుతుంది. మెత్తగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా వినిపించేది అందుకే. ఆ రెండు అంచుల మధ్య బోలెడంత చోటు ఉంటుంది. వాయించేవాడి చెయ్యి పలికేది ఆ చోటులోనే.

దీనికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ కూడా తోడవుతాయి. స్పీకర్ ఇంపిడెన్స్ (విద్యుత్ ప్రవాహానికి అది చూపే అడ్డు) అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. 8 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకర్ తన అనునాద స్వరం దగ్గర దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది, పై స్థాయిలో మళ్లీ పెరుగుతుంది. ట్యూబ్ పవర్ యాంప్ ఈ ఎత్తుపల్లాలకు లోబడుతుంది కాబట్టి కింది స్వరాలు కాస్త ఉబ్బి, పై స్వరాలు కాస్త మెరిసి వినిపిస్తాయి. ‘వెచ్చదనం’ అనే ఒక్క మాట వెనక ఇన్ని ఉన్నాయి. మంచి మోడలింగ్ యాంప్ వీటన్నింటినీ లెక్కలోకి తీసుకుంటుంది. నాసిరకంది తరంగాన్ని చదును చేసి ఊరుకుంటుంది.

ఇంట్లోనే వాయిస్తాను. ఏది తీసుకోవాలి?

మోడలింగ్ యాంప్. దీనిమీద నాకు సందేహమేమీ లేదు.

ట్యూబ్ యాంప్ మీద మనసు పడేలా చేసే ఆ శబ్దంలో పెద్ద వాటా పవర్ ట్యూబులు, స్పీకర్ శ్రమపడడం వల్ల వచ్చేది. అవి శ్రమపడాలంటే వాల్యూమ్ పెంచాలి. 22 వాట్ల కాంబో యాంప్‌ను (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) ఇంట్లో వాయించే వ్యక్తి వాల్యూమ్ నాబ్‌ను రెండు దాటనివ్వలేడు. నా దగ్గరున్న ట్యూబ్ యాంప్‌లో ఒకటిన్నర దగ్గర శబ్దం పలచగా, దూరంగా ఉంటుంది. మూడు దగ్గర కింది స్వరాలకు కండ పడుతుంది. నాలుగు దాటాక ప్రతి దెబ్బకూ యాంప్ తిరిగి మాట్లాడుతుంది. ఆ నాలుగు దగ్గర తలుపులు మూసుకున్నా పక్క గదిలో ఎవరూ మామూలు గొంతుతో మాట్లాడుకోలేరు. అంటే దాని అసలు గుణం నాకు ఇంట్లో దొరకదు. వారంలో ఆరు రోజులు ఒకటిన్నర దగ్గర నలిగే యాంప్ కన్నా, తక్కువ మోతలోనూ నిండుగా పలికే యాంప్ ఉంటే సాధన ఎక్కువసేపు సాగుతుంది.

రాత్రిపూట హెడ్‌ఫోన్లతో వాయించుకోగలగడాన్ని చిన్న సౌకర్యంగా చూడకండి. ఎక్కువమందికి రోజులో ఖాళీ దొరికేది ఆ వేళలోనే.

తక్కువ వాట్ల ట్యూబ్ యాంప్ కొంటే మోత తగ్గుతుంది కదా?

అనుకున్నంత తగ్గదు. ఎంతోమంది డబ్బు పోగొట్టుకునేది ఈ లెక్క దగ్గరే, అందుకని నిదానంగా చూద్దాం.

మన చెవి మోతను వాట్ల లెక్కన వినదు. వాట్లు సగమైతే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. ఆ తేడా తెలుస్తుంది, అంతకుమించి ఏమీ కాదు. మోత సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే వాట్లు పదోవంతుకు రావాలి. 50 వాట్ల యాంప్‌తో పోలిస్తే 5 వాట్ల యాంప్ మోత దాదాపు సగం. పదోవంతు కాదు.

ఇంకో అంకె చూడండి. మామూలు 12 అంగుళాల గిటార్ స్పీకర్ ఒక్క వాటుతోనే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ ఇస్తుంది. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60. కాబట్టి 5 వాట్ల యాంప్‌ను పూర్తిగా తిప్పితే అది ఇంటి మోత కాదు, డ్రమ్స్ పక్కన నిలబడే మోత. చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు మించకూడదు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర అది పావుగంట. చెవిలో హోరు శాశ్వతంగా నిలిచిపోతే దాన్ని మాన్పే మందు లేదు.

మరి అటెన్యుయేటర్ పెట్టుకుంటే?

పనికొస్తుంది. యాంప్‌కూ స్పీకరుకూ మధ్య కూర్చుని, వచ్చిన శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా మార్చేస్తుంది. 6, 10 డెసిబెల్స్ తగ్గించినంతవరకు శబ్దం బాగానే నిలుస్తుంది. 20 దాటితే మాత్రం స్పీకర్ కదలిక తగ్గిపోతుంది, మన చెవి కూడా వేరేలా వింటుంది. అప్పుడు ‘నా యాంప్ ఇలా లేదే’ అనిపిస్తుంది. పైగా లోపల ట్యూబులు పూర్తి శక్తితో అరుగుతూనే ఉంటాయి.

అసలు ట్యూబ్ యాంప్‌లను అంత మోతగా ఎందుకు తయారుచేశారు?

1960ల్లో వేదికల మీద ఉండే సౌండ్ సిస్టమ్ గాయకుడి గొంతును మోయడానికే అంతంతమాత్రం. గిటార్ హాలు చివరిదాకా వినబడాలంటే ఆ భారమంతా యాంప్ మీదే. లండన్‌లో జిమ్ మార్షల్ 1962లో ఫెండర్ బాస్‌మాన్ సర్క్యూట్ ఆధారంగా జేటీఎం45ను తెచ్చాడు. ది హూ బృందం ఇంకా మోత కావాలని అడగడంతో కొన్నేళ్లలోనే 100 వాట్ల యాంప్ పుట్టింది. ఇప్పుడు యాంప్ ముందు మైకు పెడితే మిగతా పని సౌండ్ సిస్టమ్ చూసుకుంటుంది. ఆనాటి అవసరం పోయింది, ఆనాటి వాట్లు మిగిలాయి.

మోడలింగ్ యాంప్ లోపల నిజంగా ఏం జరుగుతుంది? అన్నీ ఒకటేనా?

ఒకటి కావు. రెండు దారులు ఉన్నాయి.

మొదటి దారిలో సర్క్యూట్‌నే లెక్కగా రాస్తారు. ఏ రెసిస్టర్ ఎక్కడుంది, ఏ కెపాసిటర్ ఎంత, ట్యూబ్ స్వభావం ఏమిటి అన్నవన్నీ సమీకరణాలవుతాయి. నాబ్ తిప్పితే అసలు యాంప్‌లో మారినట్టే మారాలన్నది లక్ష్యం. ఉదాహరణకు పాత ఫెండర్ యాంప్‌లలో ట్రెబుల్ తిప్పితే మిగతా స్వరాల సమతూకం కూడా జరుగుతుంది. మంచి మోడల్‌లో అదీ కనిపిస్తుంది.

రెండో దారిలో లోపల ఏముందన్న విచారణ ఉండదు. నిజమైన యాంప్‌లోకి పరీక్ష సంకేతాలు పంపి, బయటికి వచ్చినదాన్ని రికార్డు చేసి, ఆ మార్పును నేర్చుకుంటారు. కెంపర్ సంస్థ 2011లో తెచ్చిన ప్రొఫైలర్ ఈ ఆలోచనను వేదికల మీదికి తీసుకెళ్లింది. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్‌లతో అదే పని ఇంకా దగ్గరగా చేస్తున్నారు. న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా తమ యాంప్‌ను కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది: దించుకున్నది సాధారణంగా నాబ్‌లు ఒక స్థానంలో ఉన్నప్పటి రూపం మాత్రమే. గెయిన్ (శబ్దంలో గరుకుదనాన్ని పెంచే నాబ్) మార్చితే అసలు యాంప్ మారినట్టు అది మారకపోవచ్చు.

ఇదేమీ నిన్న మొన్నటి విద్య కాదు. రోలండ్ సంస్థ మోడలింగ్ పరికరం వీజీ-8 1995లోనే వచ్చింది. లైన్ 6 సంస్థ 1996లో మోడలింగ్ కాంబో యాంప్‌ను, 1998లో పాడ్ అనే ఎర్రటి మోడలింగ్ పరికరాన్ని తెచ్చింది. ఫ్రాక్టల్ ఆడియో యాక్స్-ఎఫ్ఎక్స్ 2006లో వచ్చాక వృత్తి సంగీతకారులు దీన్ని గట్టిగా పట్టించుకోవడం మొదలైంది. మెటాలికా బృందం 2013 డిసెంబరులో అంటార్కిటికాలోని ఒక పరిశోధనా కేంద్రం దగ్గర కచేరీ చేసినప్పుడు వేదిక మీద మోగే యాంప్‌లే లేవు. శ్రోతలు హెడ్‌ఫోన్లలో విన్నారు.

కళ్లు మూసుకుని వింటే తేడా తెలుస్తుందా?

రికార్డింగ్‌లో అయితే నేడు వస్తున్న మంచి పరికరాల విషయంలో నాకు తెలియడం లేదు. ఇంకొందరు అనుభవజ్ఞులను కూర్చోబెట్టి వినిపించాను, వాళ్ల ఊహలూ సగం తప్పాయి. ఇలా పోల్చేటప్పుడు రెండింటి మోతనూ ఒకే స్థాయికి తేవడం తప్పనిసరి. ఒక్క డెసిబెల్ ఎక్కువ ఉన్నా చెవి దాన్నే ‘బాగుంది’ అంటుంది. అంగడిలో యాంప్‌లను పోల్చి చూసేవారు చేసే పొరపాటు ఇదే. ఫోనులో శబ్దాన్ని కొలిచే యాప్ పెట్టుకుని, ఒకే చోట నిలబడి, ఒకే తీగను మీటుతూ సరిచూసుకోండి.

గదిలో నిలబడి వాయిస్తే కథ వేరు. దాని జవాబు కింద ఉంది.

మరి ‘వేళ్ల కింద తేడా తెలుస్తుంది’ అంటారే?

తెలుస్తుంది. ఇది ఊహ కాదు, దీనికి ఆధారం ఉంది.

రెక్టిఫయర్ ట్యూబ్ (ఏసీ కరెంటును డీసీగా మార్చేది) ఉన్న పాత తరహా యాంప్‌లో ఒక తీగసమూహాన్ని గట్టిగా కొడితే పవర్ ట్యూబులు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడుగుతాయి. సరఫరా అంత వెంటనే ఇవ్వలేదు, వోల్టేజి కాస్త కుంగుతుంది. మొదటి దెబ్బ మెత్తబడుతుంది, ఆ వెంటనే వోల్టేజి కోలుకుంటూ ఉంటే స్వరం ఉబ్బి పైకి వచ్చినట్టుంటుంది. గిటార్ వాయించేవారు దీన్ని శాగ్ అంటారు. తీగకు రబ్బరు గుణం వచ్చినట్టనిపించేది ఇందువల్లే. సాలిడ్ స్టేట్ రెక్టిఫయర్, పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు ఉన్న యాంప్‌లలో ఇది తక్కువ. హెవీ మెటల్ వాయించేవారికి అదే కావాలి, ఎందుకంటే వాళ్లకు దెబ్బ బిగువుగా పడాలి.

ఈ పరీక్ష చేసి చూడండి. యాంప్‌ను కొంచెం గరుకుగా ఉండేలా పెట్టి, గిటార్ వాల్యూమ్‌ను పది నుంచి ఆరుకు, ఆరు నుంచి మూడుకు తగ్గిస్తూ అదే వాక్యాన్ని వాయించండి. మంచి ట్యూబ్ యాంప్ మెట్టుమెట్టుగా శుభ్రపడుతుంది. మూడు దగ్గర గంట మోగినట్టు స్పష్టంగా ఉంటుంది. మోడలింగ్ యాంప్‌లో అదే చేయండి. మెట్లు అంతే నున్నగా దిగితే ఆ యాంప్ మంచిది. గరుకుదనం ఉన్నట్టుండి మాయమైనా, చప్పగా మారినా దాన్ని పక్కన పెట్టండి. యాంప్‌లో వంద మోడల్స్ ఉన్నాయా, రెండొందలున్నాయా అన్నది ఈ పరీక్ష ముందు లెక్కలోకి రాదు.

ఇంకొకటి: గెయిన్ బాగా పెంచి, సన్నని తీగ మీద పై మెట్టులో స్వరాన్ని నెమ్మదిగా పైకి సాగదీయండి. దాని వెనక సన్నగా ఇంకో స్వరం కిందికి జారుతున్నట్టు వినిపిస్తే అది డిజిటల్ లోపం. డిస్టార్షన్ (గరుకుదనం) పుట్టించే పై హార్మోనిక్‌లు శాంప్లింగ్ (సంకేతాన్ని అంకెలుగా కొలవడం) హద్దు దాటి, తిరగబడి, వినబడే స్థాయిలోకి వచ్చి పడుతున్నాయన్నమాట. సరిపడా ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఇంకా ఎక్కువ శాంపిల్స్‌తో లెక్కవేయడం) చేసే పరికరాలలో ఇది చెవికి అందదు.

మోడలింగ్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుందా?

వస్తుంది, కొన్ని మిల్లీసెకన్లు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 3 మిల్లీసెకన్ల ఆలస్యమంటే యాంప్‌కు ఒక మీటరు దూరంగా జరిగి నిలబడినట్టు. ట్యూబ్ యాంప్‌కు మూడు మీటర్ల దూరంలో హాయిగా వాయించేవారు దీని గురించి బెంగపడనక్కర్లేదు. అయితే వైర్‌లెస్ పరికరం, డిజిటల్ పెడల్, డిజిటల్ మిక్సర్ అన్నీ గొలుసుకట్టుగా పెడితే ఆలస్యాలు కలుస్తాయి. అప్పుడు వేళ్లకు తెలుస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో మాత్రం వాయించకండి, వాటి ఆలస్యం వేరే స్థాయిలో ఉంటుంది.

ఇంట్లో అద్భుతంగా ఉన్న నా మోడలింగ్ టోన్ బృందంతో వాయిస్తే మాయమైపోతోంది. ఎందుకు?

ఈ ప్రశ్న అడగనివారు లేరు. తప్పు యాంప్‌ది కాదు, మనిషి చెవి స్వభావం అలాంటిది. తక్కువ మోతలో చెవికి కింది స్వరాలు, బాగా పై స్వరాలు సరిగా అందవు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి రాత్రి గదిలో మెల్లగా వింటూ సరిచేసుకున్న టోన్‌లో మనకు తెలియకుండానే బాస్ ఎక్కువ, ట్రెబుల్ ఎక్కువ, మిడ్ (మధ్య స్వరాలు) తక్కువ పెడతాం. మోత పెంచగానే ఆ బాస్ బురదలా పరుచుకుంటుంది, ట్రెబుల్ గుచ్చుకుంటుంది. బాస్ గిటార్, డ్రమ్స్ వచ్చి కింది చోటు ఆక్రమిస్తాయి, తాళాలు పై చోటు తీసుకుంటాయి. గిటార్‌కు మిగిలేది మిడ్. దాన్ని మనమే తీసేశాం.

సాధన గదిలో, బృందం మోతలో, కొత్తగా ఒక టోన్ తయారుచేసుకోండి. గెయిన్ మూడోవంతు తగ్గించండి. రివెర్బ్ (ప్రతిధ్వని) సగం తీసేయండి. మిడ్ పెంచండి. ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టు ఉండే టోన్, బృందంలో సరిగ్గా కూర్చుంటుంది. ఫ్యాక్టరీ ప్రీసెట్లు ఎక్కువగా ఒంటరిగా వినేవారిని మెప్పించడానికి తయారైనవి. అన్నీ పక్కన పెట్టి ఒక్క యాంప్ మోడల్, ఒక్క క్యాబినెట్‌తో (స్పీకర్ పెట్టె) మొదలుపెట్టండి.

ఐఆర్ అంటే ఏమిటి? అంత ముఖ్యమా?

ఐఆర్ అంటే ఇంపల్స్ రెస్పాన్స్. ఒక క్యాబినెట్‌లో ఒక స్పీకర్, దాని ముందు ఒక మైకు, ఫలానా దూరంలో, ఫలానా కోణంలో ఉన్నప్పుడు వచ్చే శబ్దపు ముద్ర. చాలా ముఖ్యం. నన్నడిగితే యాంప్ మోడల్ కంటే ముఖ్యం.

గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక వేగంగా పడిపోతుంది. డిస్టార్షన్‌లోని గీరుడు శబ్దాన్ని మింగేది ఆ పతనమే. స్పీకర్ లేకుండా యాంప్ సంకేతాన్ని నేరుగా రికార్డు చేసి వింటే తేనెటీగల తుట్టె కదిలినట్టుంటుంది. మైకును స్పీకర్ మధ్య నుంచి అంచు వైపు రెండు వేళ్ల వెడల్పు జరిపితే వచ్చే మార్పు, ఎన్నోసార్లు యాంప్ మార్చితే వచ్చే మార్పు కన్నా పెద్దది. అందుకే ట్యూబ్ యాంప్ ఉన్నవారికి కూడా నా సలహా ఒకటే: ట్యూబుల కోసం ఖర్చు పెట్టేముందు స్పీకర్ మార్చి చూడండి.

ఒక గందరగోళాన్ని ఇక్కడే తీర్చాలి. మైకు ముద్ర ఉన్న ఐఆర్‌ను గిటార్ స్పీకర్ గుండా వాయిస్తే ఆ పతనం రెండుసార్లు జరిగి శబ్దం దుప్పటి కప్పినట్టవుతుంది. గిటార్ క్యాబినెట్ వాడితే ఐఆర్ ఆపండి. హెడ్‌ఫోన్లు, ఎఫ్ఆర్ఎఫ్ఆర్ స్పీకర్ (అన్ని స్వరాలనూ సమంగా పలికించేది), సౌండ్ సిస్టమ్ వాడితే ఐఆర్ పెట్టండి. గదిలో వాయిస్తే ట్యూబ్ యాంప్‌కూ మోడలింగ్‌కూ కనిపించే తేడాలో చాలా భాగం ఇదే: ఒకటి గాలిని నెట్టే స్పీకర్, ఇంకొకటి మైకు ముందు పెట్టిన స్పీకర్‌కు ప్రతిబింబం.

ట్యూబ్ యాంప్‌ను చూసుకోవడం కష్టమా?

కష్టం కాదు, పట్టింపు కావాలి. ప్రీయాంప్‌లో ఉండే 12ఏఎక్స్7 చిన్న ట్యూబులు ఏళ్ల తరబడి వస్తాయి. ఈఎల్34, 6ఎల్6, ఈఎల్84, 6వీ6 వంటి పవర్ ట్యూబులు అరుగుతాయి. ఎంత గట్టిగా, ఎన్ని గంటలు వాయిస్తారన్నదాన్ని బట్టి వాటి ఆయుష్షు. కింది స్వరాలు వదులైనా, మోత తగ్గినా మార్చే వేళ అయినట్టే. స్థిర బయాస్ (సంకేతం లేనప్పుడు ట్యూబ్ గుండా ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక) ఉన్న యాంప్‌లో పవర్ ట్యూబులు మార్చినప్పుడు బయాస్ సరిచేయించాలి. కేథోడ్ బయాస్ యాంప్‌లు దాన్ని చాలావరకు తామే సర్దుకుంటాయి.

గంట కొట్టినట్టు ఏదో ట్యూబ్ మోగుతోందనుకోండి. యాంప్ ఆన్‌లో ఉండగా పెన్సిల్ వెనక వైపు రబ్బరుతో ఒక్కో ప్రీయాంప్ ట్యూబును సుతారంగా తట్టండి. మంచి ట్యూబ్ దగ్గర ‘టక్’ మని పొడిగా వినిపిస్తుంది. చెడింది ‘టింగ్’ మని స్పీకర్‌లోంచి పలికి, కొన్నిసార్లు కూతగా సాగుతుంది. దాన్ని ఒక్కదాన్నే మార్చితే సరిపోతుంది. పవర్ ట్యూబుల గాజు మీద చెయ్యి వేయకండి, చర్మం కాలుతుంది.

ఈ పరీక్ష బయటికి కనిపించే ట్యూబులకే. ఛాసిస్ (లోపలి సర్క్యూట్ ఉన్న లోహపు పెట్టె) మాత్రం తెరవవద్దు. ప్లేట్ల మీద 300 నుంచి 500 వోల్టులు ఉంటాయి. ప్లగ్ పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లు ఆ విద్యుత్తును పట్టుకుని కూర్చోవచ్చు. అది ప్రాణాలు తీయగలదు. తెలిసినవారి చేతికే ఇవ్వండి.

స్పీకర్ కలపకుండా ట్యూబ్ యాంప్ ఆన్ చేస్తే ఏమవుతుంది?

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. భారం లేని ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి విపరీతంగా పైకి లేచి, చుట్ల మధ్య ఉన్న పొరను చీలుస్తుంది. యాంప్‌లో ఖరీదైన భాగాలలో అదొకటి. ఒక సాధన గదిలో క్యాబినెట్ కేబుల్‌కు బదులు గిటార్ కేబుల్ కలిపిన యాంప్‌ను చూశాను. సన్నని గిటార్ కేబుల్ వేడెక్కి లోపల తెగింది, ఆ వెంటనే ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. స్పీకర్ కేబుల్ మందంగా వేరే ఉంటుంది, దానికి రంగు చుట్టి గుర్తు పెట్టుకోండి.

మోడలింగ్ యాంప్ ఎన్నేళ్లు వస్తుంది?

ఇక్కడ ట్యూబ్ యాంప్‌దే పైచేయి. 1960ల నాటి ఫెండర్, వాక్స్ యాంప్‌లు ఈరోజుకీ వేదికలెక్కుతున్నాయి, ఎందుకంటే వాటిలో ప్రతి భాగాన్నీ విడిగా మార్చవచ్చు. మోడలింగ్ యాంప్‌లో ప్రాసెసర్ బోర్డు పోతే బోర్డు మొత్తం మార్చాలి, అది అప్పటికి తయారీలో ఉండాలి. ఫోను యాప్‌తోనే అన్నీ నడిచే యాంప్ అయితే ఆ యాప్‌ను కంపెనీ ఎంతకాలం నిలబెడుతుందన్నది ఇంకో చిక్కు. ముఖ్యమైన నాబ్‌లన్నీ యాంప్ మీదే ఉన్నదాన్ని ఎంచుకోండి.

ముందు ముందు ట్యూబులు దొరకకుండా పోతాయా?

నేడు గిటార్ యాంప్‌ల ట్యూబులు దాదాపు అన్నీ స్లొవేకియా, రష్యా, చైనాల నుంచే వస్తున్నాయి. 2022లో రష్యా ఎగుమతుల మీద ఆంక్షలు వచ్చినప్పుడు సరఫరా తడబడి, ధరలు పెరిగాయి. తర్వాత సర్దుకుంది. పవర్ ట్యూబుల జత ఒకటి అదనంగా దాచుకోవడం చాలు, పెట్టెలకొద్దీ కొనిపెట్టుకోవద్దు.

బరువు తేడా నిజంగా అంత ఉంటుందా?

ఒకే యాంప్ రెండు రూపాల్లో దొరుకుతుంది కాబట్టి సూటిగా చెప్పవచ్చు. ఫెండర్ ట్విన్ రివెర్బ్ ట్యూబ్ రూపం సుమారు 29 కిలోలు. అదే సంస్థ 2019లో తెచ్చిన డిజిటల్ రూపం, టోన్ మాస్టర్ ట్విన్, సుమారు 15. ట్రాన్స్‌ఫార్మర్ల ఇనుము తీసేస్తే మిగిలేది చెక్క, స్పీకర్లు. మూడో అంతస్తుకు మోసేవారికి ఈ 14 కిలోలు టోన్ కంటే ముందు వస్తాయి.

యాంప్‌లో ఒక 12ఏఎక్స్7 ఉంది, ‘నిజమైన ట్యూబ్’ అని రాశారు. కొనవచ్చా?

శబ్దం నచ్చితే కొనండి. ఆ రాతను చూసి కొనకండి. కొన్ని యాంప్‌లలో ఆ ట్యూబ్ చేసే పని చాలా తక్కువ.

ట్యూబూ వద్దు, మోడలింగూ వద్దు. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్ పనికిరాదా?

శుభ్రమైన శబ్దం కావాలంటే భేషుగ్గా పనికొస్తుంది. రోలండ్ జేసీ-120 1975లో వచ్చింది. నేటికీ స్టూడియోల్లో దాన్ని కోరి వాడుతున్నారు. పెడల్స్ మీద ఆధారపడేవారికి అలాంటి చదునైన నేల మంచిది.

ఇప్పుడే నేర్చుకుంటున్నాను. ఏం కొనాలి?

ఎనిమిది అంగుళాలకు తగ్గని స్పీకర్, హెడ్‌ఫోన్ల దారి ఉన్న చిన్న మోడలింగ్ యాంప్. ఏడాది పాటు నాలుగు మోడల్స్ మాత్రమే వాడండి: ఒకటి శుభ్రమైన అమెరికన్ తరహా, ఒకటి వాక్స్ తరహా, ఒకటి మార్షల్ తరహా, ఒకటి గెయిన్ ఎక్కువున్నది. ఏడాది తర్వాత చెయ్యి తనంతట తాను ఏ మోడల్ దగ్గరికి వెళ్తోందో చూసుకోండి. ట్యూబ్ యాంప్ కొనే రోజు వస్తే ఏ రకం కొనాలో అదే చెబుతుంది. బృందంతో తరచూ వాయించే అవకాశం వచ్చి, నాబ్‌ను నాలుగు దాకా తిప్పగలిగే చోటు దొరికితే ఆ రోజు వచ్చినట్టే.

వాడిన ట్యూబ్ యాంప్ కొంటున్నాను. ఏం చూడాలి?

చల్లగా ఉన్న యాంప్‌ను మీ ముందే ఆన్ చేయమనండి, ముందే వేడి చేసి ఉంచితే కొన్ని లోపాలు దాగిపోతాయి. ఫిలమెంట్లు నారింజ రంగులో మెల్లగా వెలగాలి. పవర్ ట్యూబ్ లోపలి ప్లేటు ఎర్రబారితే వెంటనే ఆపించండి, బయాస్ తప్పింది లేదా ట్యూబ్ చెడింది. గాజు లోపల పైభాగంలో వెండిపూత తెల్లగా మారి ఉంటే గాలి చొరబడిందని అర్థం, ఆ ట్యూబ్ పనికిరాదు. గిటార్ కలపకుండా వాల్యూమ్ సగానికి తిప్పి వినండి: సన్నని హిస్ మామూలే, గట్టి హోరు ఉంటే ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివై ఉండవచ్చు. ప్రతి నాబ్‌నూ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. చిటపటలు శుభ్రం చేస్తే పోతాయి, వాటికి భయపడి మంచి యాంప్‌ను వదులుకోవద్దు. ఆ తర్వాత కనీసం అరగంట వాయించండి, వేడెక్కాక బయటపడే లోపాలు మొదటి పది నిమిషాల్లో కనిపించవు.